మా అత్తగారి ఆఖరి మాటలు

నా గుండె గంటంపావు సేపు ఆగిపోయింది.

ఈ మాట చెబితే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంత తొందరలో ఉన్నవాడైనా బండికి స్టాండు వేసి వింటాడు. యమధర్మరాజు మా కొత్తపేట సందు దాకా వచ్చాడనీ, డ్రైనేజీ పైపుల కోసం రోడ్డంతా తవ్వి ఉండటంతో దున్నపోతు దాటలేక వెనక్కి తిరిగాడనీ కూడా కలుపుతుంటాను. అప్పుడు మా ఆవిడ సువర్ణ పక్కనుంచి అందుకుంటుంది.

"ఆగిపోలే. డాక్టర్ ఆపిండు. బైపాస్ అంటే అందర్ది గట్లనే ఆపుతరంట."

నిజమే. మిషను తగిలించి ఆపారు, పని కాగానే మళ్ళీ నడిపించారు. ఆ రోజు ఆ ఆసుపత్రిలో నా ముందు ఒకాయనకీ నా తర్వాత ఒకావిడకీ కూడా ఆపారు. ప్రపంచంలో ఏది జరిగినా నాకొక్కడికే జరిగినట్టు చెప్పుకోవడం నా పాత జబ్బు. దానికి ఇంకా ఆపరేషన్ కనిపెట్టలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. పొద్దున్నే నడుస్తున్నాను, ఉప్పు లేని పప్పు తిని ఉప్పున్న మాటలు మాట్లాడుతున్నాను. ఇది రెండు పనుల కోసం రాస్తున్నాను. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాస్ అనుకుని వాము నమిలేవాళ్ళ కోసం ఒకటి. రెండోది, ఇరవై రెండేళ్ళ కింద నేను ఆడిన ఒక అబద్ధం గురించి. ఆ అబద్ధం నాకు సినిమాలు నేర్పాయి. గుండె జబ్బు దాన్ని కక్కించింది.

మే నెల చివరి వారం. చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కి దిగడం నా పొద్దుటి వ్యాయామం. రైలెక్కను, మెట్లు మాత్రమే. ఆ రోజు సగం మెట్ల మీద రెండు దవడలూ లాగాయి, కింది పళ్ళ సెట్టు ఎవరో మర వేసి బిగించినట్టు. ఛాతీ మధ్యలో అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కుతున్నట్టు. ఒళ్ళంతా చెమట. మెట్టు మీదే కూర్చున్నాను.

ఈ ఘట్టం నేను చాలామందికి చెప్పాను. కోచింగుకు వెళ్ళే పిల్లలు పదిమంది నన్ను చేతుల మీద మోశారనీ, కింద ట్రాఫిక్ ఆగిపోయిందనీ. ఎవరూ మొయ్యలేదు. ఒకమ్మాయి ఫోను చూసుకుంటూ, "అంకుల్, కొంచెం జరగండి" అని పక్కనుంచి ఎక్కిపోయింది. జరిగాను.

ఇంటికొచ్చి వాము నమిలాను. అది గుండెకు సంబంధించింది కాదని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే గుండెపోటు ఎలా వస్తుందో నాకు తెలియకపోతే ఈ సిటీలో ఎవరికి తెలుస్తుంది? పదహారేళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో వీడియో క్యాసెట్ల షాపు నడిపినవాణ్ణి. తెనాలి పక్కనుంచి వచ్చి పెట్టుకున్న షాపు అది. తర్వాత కాలం మారి జిరాక్స్ షాపయింది గానీ, ఆ పదహారేళ్ళలో నేను చూసిన చావులు ఏ డాక్టరూ చూసి ఉండడు.

అప్పట్లో ఆడవాళ్ళు షాపుకొచ్చి, "బాగా ఏడిపించేది ఇవ్వండి" అని అడిగేవాళ్ళు. అందుకని ఒక అర మొత్తం చావుల ప్రకారం సర్దాను. తల్లి పోయేవి పైన, తండ్రి పోయేవి మధ్యలో, హీరో కూడా పోయేవి కింద, చేతికి అందకుండా. ఏ సినిమాలో ఏడుపు ఎక్కడుందో చూడకుండానే చెప్పగలను. ఆ చోట జనం వెనక్కి తిప్పి తిప్పి చూడటంతో టేపు అరిగి, తెర మీద తెల్లటి గీతలు వచ్చేవి. గీతలు మొదలయ్యాయంటే ఎవరో పోబోతున్నారన్నమాట.

గుండెపోటు రావాలంటే ముందు చేతిలో పాలగ్లాసు ఉండాలి. ఫోను మోగాలి. అవతల నుంచి దుర్వార్త రావాలి. కుడిచెయ్యి ఎడమ ఛాతీ మీదికి వెళ్ళాలి, గ్లాసు జారాలి, మనిషి మెట్ల మీంచి దొర్లాలి. నాకు ఫోను రాలేదు. నొప్పి ఎడమవైపు లేదు. మెట్లున్నాయి గానీ దొర్లలేదు. కనుక గ్యాస్. అలా రెండు రోజులు వాము నమిలాను. మీరు మాత్రం నమలకండి. దవడ లాగినా, వీపు లాగినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చి కూర్చుంటే పోతున్నా, ఆ రోజే వెళ్ళండి. గ్లాసు జారేదాకా ఆగకండి.

మూడో రోజు నాగోల్ నుంచి మా అమ్మాయి లత వచ్చింది. నేను గుమ్మం దాకా నడిచి వెళ్ళి తలుపు తీసి, అక్కడే కుర్చీలో కూలబడటం చూసింది.

"డాడీ, ఎన్ని రోజుల నుంచి ఇలా?"

"ఇప్పుడేనమ్మా."

"మొన్నటి సంది," అంది సువర్ణ వంటింట్లోంచి. "అడిగితే మిర్చి బజ్జి అంటడు."

"నువ్వు నాకు ఫోన్ చెయ్యొచ్చు కదమ్మా!"

"మీ నాయిన ఎన్ని మాట్ల సచ్చిండో నీకెరుక లేదానే? జొరమొస్తె సచ్చిపోతున్న అంటడు, జలుబొస్తె సచ్చిపోతున్న అంటడు. గిప్పుడు నొప్పొస్తె ఏం లేదంటున్నడు. నాకేం సమజయితది?"

ఎల్బీ నగర్ ఆసుపత్రి దాకా కారులో తల్లీ కూతుళ్ళు నా మీద కోపాన్ని ఒకరి మీద ఒకరు చూపించుకుంటూనే ఉన్నారు. మధ్యలో నేను. నా రెండు చేతులూ చెరొకరి చేతిలో ఉన్నాయి. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి. అప్పుడు మొదటిసారి భయమేసింది.

జూన్. యాంజియోగ్రామ్ అయ్యాక, డాక్టరు పిలిచేదాకా బయట కూర్చోబెట్టారు. ఆ వెయిటింగ్ హాలు నాకు బాగా నచ్చింది, టీవీ ఉంది కాబట్టి. టీవీలో సినిమా వస్తోంది. హీరోయిన్ తండ్రి మంచం మీద ఉన్నాడు. గుండెజబ్బయితే తలకు కట్టెందుకో తెలియదు గానీ కట్టుంది. ఆక్సిజన్ మాస్కు తానే పక్కకు లాగి మాట్లాడటం మొదలుపెట్టాడు. కూతురి చెయ్యి తీసి హీరో చేతిలో పెట్టాడు. చిన్నప్పటి సంగతులు చెప్పాడు. విలన్ చేసిన ద్రోహం తారీఖులతో సహా చెప్పాడు. బయట ఉరుములు. హాల్లో నలభై మంది గుండె రోగులం మెడలెత్తి చూస్తున్నాం.

"గంత మాట్లాడే దమ్ముంటే ఆయన్ను ఇంటికి పంపియ్యొచ్చు," అన్నాడు నా పక్కాయన. పేరు మల్లేశం. హయత్‌నగర్‌లో ఉంటాడు, ఆర్టీసీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆర్నెల్ల కింద ఆపరేషన్ అయ్యి చూపించుకోవడానికి వచ్చాడు.

"మీకెలా వచ్చిందండీ?" అని అడిగాను.

"నాకా? బస్సు మీదుంటే ఎడమ చెయ్యి గుంజింది. గేరు గుంజి గుంజి నొస్తుందనుకున్న. నాల్గు ట్రిప్పులు కొట్టిన. మీకు?"

"దవడ."

"మావారికి వీపండీ," అంది ఎదురు వరసలో ఉన్న కాకినాడ ఆవిడ. "పట్టేసిందన్నారు. రెండ్రోజులు బామ్ రాశానండీ, చేతులు పడిపోయేలాగ. తీరా చూస్తే ఇది."

ఇక ఎవరికి ఎలా వచ్చిందో చెప్పుకోవడం మొదలైంది. ఒకరికి అజీర్తి. ఒకరికి అసలేమీ లేదు, చెకప్పుకు వస్తే పట్టుకుని పడుకోబెట్టారు. పాలగ్లాసు చేతిలో ఉన్నవాడు ఆ హాలు మొత్తంలో ఒక్కడూ లేడు. అందరం తెగ నవ్వుతుంటే నర్సు వచ్చి, "మీది గుండె వార్డు, గుర్తుందా?" అని మందలించింది.

టీవీలో ఆయన ఇంకా పోలేదు.

"చచ్చిపోయేవాళ్ళు నిజంగా ఇంతసేపు మాట్లాడతారంటారా?" అంది కాకినాడ ఆవిడ.

"మా అమ్మ మాట్లాడింది," అంది సువర్ణ. "మా ఆయననే ఉండె దగ్గర. ఈయననే విన్నడు."

నలభై మెడలు టీవీ మీంచి నా మీదికి తిరిగాయి.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ పేరు నర్సమ్మ. కర్మన్‌ఘాట్ గుడి దగ్గర నాలుగు బర్రెలు పెట్టుకుని కాలనీలకు పాలు పోసేది. నేను పాలకెళ్ళి ఆవిడ కూతుర్ని చేసుకున్నాను. ఆవిడే నన్ను కోరి పిల్లనిచ్చిందని చెబుతుంటాను గానీ, ఆర్నెల్లు ఆ బర్రెలకు గడ్డి మోశాక ఒప్పుకుంది. ఆవిడ జీవితంలో ఎవర్నీ మెచ్చుకోలేదు. కూతుర్ని "మొద్దు" అనేది, నన్ను "సినిమా అల్లుడు" అనేది, బర్రెల్ని మాత్రం పేర్లు పెట్టి పిలిచేది. తిట్టడం ఆపిందంటే ఒంట్లో బాగాలేదని మేం కనిపెట్టేవాళ్ళం.

ఇరవై రెండేళ్ళ కింద, ఊపిరితిత్తులు పాడై, సర్కారు దవాఖానలో ఉంది. ఓ మధ్యాహ్నం సువర్ణ అన్నం తెస్తానని ఇంటికెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ కాసేపట్లోనే ఆవిడ పోయింది. సువర్ణ టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది.

"మా అమ్మ ఏమన్నది?"

ఆవిడ అన్నది చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట అంత చిన్నది, అంత మామూలుది. సువర్ణ మొహం చూశాను. నా తలలో పదహారేళ్ళ క్యాసెట్లు గిర్రున తిరిగాయి. పైన అరలోంచి ఒకటి తీశాను.

"నిన్ను పిలిచింది సువర్ణా. 'నా బంగారు తల్లీ' అంది. 'నిన్ను కన్నందుకు నా జన్మ ధన్యమైంది' అంది. మళ్ళీ జన్మంటూ ఉంటే నీ కడుపున పుడతానంది."

అప్పటికి అంతే. కానీ ఏటా ఆవిడ పోయిన రోజున చుట్టాలు కూర్చుని, "చెప్పు బావా, ఏమన్నదో చెప్పు" అంటారు. ఏటికో వాక్యం పెరిగింది. దేవుడి పటం వైపు చూసిందన్నాను, వార్డులో దేవుడి పటమే లేదు. ఎడమ కంటి నుంచి ఒక్క నీటిచుక్క జారిందన్నాను. చేతులు జోడించిందన్నాను. సువర్ణ ప్రతిసారీ తల వంచుకుని వినేది. ఆమెకు అదో ఓదార్పనుకున్నాను. ఏమీ లేని చోట నేనొక మంచి జ్ఞాపకం కట్టిచ్చానని లోపల గర్వం కూడా.

మళ్ళీ వెయిటింగ్ హాలుకు వస్తే, నలభై మంది ముందు నేను రెచ్చిపోయాను. ఆ రోజు మా అత్తగారు నా చేతుల్లో పోయినట్టు, నాలుగు బర్రెలూ ఇంటి దగ్గర ఒకేసారి అరిచినట్టు కూడా చెప్పాను. కాకినాడ ఆవిడ కొంగు తడిసిపోయింది. మల్లేశం ముక్కు ఎగబీల్చాడు. టీవీలో ఆయన ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు.

సువర్ణ ఏడవలేదు. చేతిలోని ఫైలు అంచులు సర్దుతూ, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"మా అమ్మ... భయపడ్డదా?"

"ఛ, లేదు. నవ్వుతూ పోయింది," అన్నాను. ఇంకోటి కలిపాను.

ఇంతలో లోపలికి పిలిచారు. మూడు చోట్ల పూడుకుపోయిందనీ బైపాస్ చెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. ఆయన బొమ్మ గీసి చూపిస్తున్నాడు, నేను సువర్ణ అడిగిన ప్రశ్నే వింటున్నాను. ఇరవై రెండేళ్ళలో ఆమె అది అడగడం అదే మొదటిసారి.

ఆ వారం రోజులూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చావు భయమేనని చెబితే గౌరవంగా ఉంటుంది. అదీ ఉంది. కానీ దాని కింద ఇంకోటి ఉంది. ఆ మధ్యాహ్నం ఆ మంచం దగ్గర ఉన్నది ఇద్దరమే. ఒకరు పోయారు. రెండోవాణ్ణి నేను. నేనూ పోతే నర్సమ్మ నిజంగా ఏమందో ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. సువర్ణకు మిగిలేది నేను క్యాసెట్లోంచి తీసిచ్చిన తల్లి. చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ఇరవై రెండేళ్ళుగా ఆమె పట్టుకుని బతుకుతున్నది లాగేసినట్టవుతుంది. పైగా ఆ అసలు మాట విన్నాక, ఇంతేనా మా అమ్మ ఆఖరి మాట, అంటే?

ఆపరేషన్ రోజు చెప్పేశాను. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే తలుపు దగ్గర ఆపమన్నాను. సువర్ణ చెయ్యి పట్టుకుని, "ఒక నిజం చెప్పకుండా లోపలికి వెళ్ళలేను" అన్నాను. ఆమె కళ్ళు చెమర్చాయి. నర్సులు కూడా...

లేదు. ఇలా జరగలేదు. ఇలా జరగాలని వారం రోజులు రిహార్సల్ వేసిన మాట నిజం. లోపలికి తీసుకెళ్ళే ముందు పళ్ళ సెట్టు తీసేస్తారని నాకెవరూ చెప్పలేదు. ఏ సినిమాలోనూ పళ్ళ సెట్టు తీసేసిన మనిషి ఆఖరి మాటలు చెప్పలేదు. మత్తు మందుకు నాలుక ముద్దకట్టింది. తలుపు దగ్గర నేను ఏకబిగిన ఏదో చెప్పాను. నాకే అర్థం కాలేదు.

సువర్ణ వంగి, నా నుదురు తుడిచి, "సరే సరే, నీ పండ్లు నా బ్యాగులనే ఉన్నయ్. పరేషాన్ గాకు" అంది.

అలా వెళ్ళాను.

మెలకువ వచ్చాక గొంతులో గొట్టం. మాట రాదు. చేతులు లేస్తున్నాయి. రాయడానికి నర్సు అట్ట, పెన్సిలు ఇచ్చింది. బతికినందుకు మొదట ఏం రాస్తారో అందరూ? నేను ముందు ఆ నిజమే రాశాను, ఎక్కడ మళ్ళీ పోతానోనని. మూడు మాటలు కుదిరాయి. ఆ అమ్మాయి చదివి, "ఛాయ్ రేపు తాతా, ఈ రోజు నీళ్ళు కూడా లేవు" అని కాగితం మడిచి బయటికి పంపించేసింది.

వార్డులోకి మార్చాక మల్లేశం చూడటానికి వచ్చాడు. పరిచయం ఒక్క పూటదే. చేతిలో దిండు. చిలకల గలీబు వేసిన చిన్న దిండు.

"అన్నా, దగ్గొస్తె గిది రొమ్ముకు గట్టిగ పట్టుకో. లేకుంటె కుట్లు ఇడిపోతున్నట్టయితది. నాకు ఆర్నెల్లు పనికొచ్చింది. ఇగ నీది."

"దగ్గితేనేనా?"

"నవ్వితె ఇంక ఎక్కువ నొస్తది. నవ్వకు."

ఆ మాటకే నవ్వొచ్చి ప్రాణం పోయినంత పనైంది. దిండు పట్టుకున్నాను. అది ఇంకా నా దగ్గరే ఉంది. నా తర్వాత ఎవరికివ్వాలో చూస్తున్నాను.

ఆగస్టు. ఇంటికొచ్చి నెల దాటింది. లత లీవు అయిపోయి ఆఫీసుకు వెళ్తోంది. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద డైటు కాగితం అంటించి వెళ్ళింది. ఉప్పు తక్కువ, నూనె తక్కువ, పంచదార లేదు, వెన్న తీసిన పాలు. నన్ను చూసి చూసి సువర్ణ కూడా చిక్కింది. నిజం చెప్పడం రోజూ రేపటికి వాయిదా వేస్తున్నాను. బతికాను కదా, తొందరేముంది అనిపించింది. చావు భయంతో వచ్చిన నిజాయితీ ఆకలి పుట్టగానే పోయింది.

ఓ సాయంత్రం సువర్ణ ఆ డైటు ప్రకారం టీ పెట్టి తెచ్చింది. నెల తర్వాత మొదటి టీ. ఆశగా రెండు గుక్కలు తాగాను. నేను అనలేదు, దానంతట అదే నా నోట్లోంచి వచ్చింది. మాటే కాదు, గొంతు కూడా.

"గిది ఛాయనా? కుడితి లెక్కున్నది. మా బర్రె గూడ మూతి వెట్టది. నీ మొకం జూసి పోసిండు వాడు."

సువర్ణ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"గా మాట ఎవ్వరిది?"

"ఎవరిదీ లేదు. ఊరికే."

"నువ్వు తెనాలోడివి. నీకు బర్రె ఎక్కడిది? నీకు ఛాయ్ పోసినోడెవడు?"

ట్రే బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళి పర్సు తెచ్చింది. మడత పెట్టిన కాగితం తీసింది. నా రాతే, కాకి పరిగెత్తినట్టు. అత్త. ఛాయ్. కుడితి.

"దవాఖానల నర్సు ఇచ్చింది. మత్తుల రాసిండు, పట్టించుకోకు అన్నది. మా అమ్మ గురించేనా గిది?"

అప్పుడు చెప్పాను. ఏమీ కలపకుండా చెప్పడం నాకు కొత్త, అందుకని ఆగి ఆగి చెప్పాను. నర్సమ్మ టీ అడిగింది. బయట బండి మీంచి తెచ్చాను. రెండు గుక్కలు తాగి ఆ మాటంది. గ్లాసు నా చేతికి విసురుగా ఇచ్చింది. "తలుపు దగ్గరికెయ్, ఈగలొస్తున్నయ్" అంది. నేను వెళ్ళి తలుపు వేసి వెనక్కి తిరిగాను. అంతే. ఆవిడ లేదు. నీ పేరు పిలవలేదు. బంగారు తల్లి అనలేదు. దేవుడి పటం లేదు, కన్నీటి చుక్క లేదు. నువ్వు గుమ్మంలో నిలబడి అడిగితే ఇది చెప్పలేక అది చెప్పాను.

సువర్ణ కాగితం మళ్ళీ మడిచింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచి చప్పుడు. ఎక్కిళ్ళలాగా. చేశావురా ఘనకార్యం అనుకుంటూ, దిండు రొమ్ముకు అదుముకుని మెల్లగా లేచి వెళ్ళాను.

స్టవ్ గట్టు పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు.

"మళ్ళ చెప్పు."

"ఏది?"

"బర్రె మాట. మా అమ్మ అన్నట్టు చెప్పు."

చెప్పాను. మళ్ళీ నవ్వింది. కింద కూర్చుండిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ అప్పుడు చెప్పింది.

"ఇరవై రెండేండ్ల సంది నాకు గుబులే, ఎరుకనా? బంగారు తల్లి అన్నదన్నవ్. మా అమ్మ నన్ను ఎన్నడన్న అన్నదా గా మాట? మొద్దు అన్నది. మా అమ్మ మంచిగ మాట్లాడిందంటే ఇగ సచ్చిపోతున్న అని భయం పట్టుకున్నదనుకున్న. భయానికి మా అమ్మ మా అమ్మ లెక్క లేకుండ అయిపోయింది, గప్పుడే నేను అన్నం తేనీకి పోయిన అనుకున్న. ఏటేట నువ్వు ఒక్కొక్క మాట కలుపుతుంటె, ఓయమ్మో ఇంకెంత భయపడ్డదో అనుకుంట కూసున్న."

నేను ఓదార్పనుకుని ఏటా పెంచింది అదీ.

"మా అమ్మ తిట్టుకుంటనే పోయింది!" అంది సువర్ణ, పండగ కబురు చెప్పినట్టు. "ఛాయ్ మంచిగ లేదని కొట్లాడుకుంట పోయింది! నీ అసొంటోణ్ణి ఏమనాలయ్యా? గంత మంచి మాట దాచిపెడితివి!"

నాక్కూడా నవ్వొచ్చింది. కుట్లు కలుక్కుమన్నాయి. మల్లేశం దిండు నలిగి చిలకలు రెండూ ఒకటైపోయాయి.

శిక్ష పడింది. ఆ అబద్ధం విన్న చుట్టాలందరికీ ఫోను చేసి నిజం చెప్పాలి, సువర్ణ పక్కనే కూర్చుని వింటుంది. మొదటి మూడు ఫోన్లు పద్ధతిగా చేశాను. నాలుగోదానికి మా అత్తగారు టీ గ్లాసు నా మీద గిరాటేసింది. అయిదోదానికి టీ కొట్టువాణ్ణి పిలిపించమని వార్డంతా లేచేలా అరిచింది.

"అగో, మళ్ళ మొదలువెట్టిండు!" అని సువర్ణ ఫోను లాక్కుంది. మిగతావి తనే చేసింది. అవతలి వాళ్ళ నవ్వు నాకు ఇక్కడికి వినబడింది.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి పెట్టే అమావాస్య. ఏటా సువర్ణ తల్లి ఫోటో ముందు పప్పన్నం, గారెలు పెట్టేది. ఈ ఏడు వాటితో పాటు ఛాయ్ పెట్టింది. నాగోల్ అవతల ఇంకా బర్రెలున్న ఇల్లు వెతికి లత తెచ్చిన చిక్కటి పాలు, దండిగా పంచదార, దంచిన అల్లం. ఆ వాసనకు నా పూడుకుపోయిన నరాలన్నీ తెరుచుకున్నాయి.

"నువ్వు ముట్టకు. గది మా అమ్మది," అంది.

"ఫోటోలో అత్తయ్య నవ్వినట్టుంది సువర్ణా."

ఆమె నా వైపు చూసింది.

"నవ్వలేదులే," అన్నాను. ఆ ఫోటోలో ఆవిడ ఎప్పుడూ తిట్టబోతున్నట్టే ఉంటుంది.

అన్నాలు తిన్నాం. లత పళ్ళేలు తీస్తోంది. సువర్ణ ఫోటో ముందున్న ఛాయ్ గ్లాసు తీసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, ఒక గుక్క తాగి, యథాలాపంగా అంది.

"ఏమయ్యా, జర దర్వాజ దగ్గరికెయ్. ఈగలొస్తున్నయ్."

లేచాను. నాలుగడుగుల దూరం. తలుపు మీద చెయ్యి పెట్టాక, అప్పుడు తట్టింది నాకు. వేలు గడియ మీదే ఆగిపోయింది. కొత్తగా కుట్టిన గుండె గబగబా కొట్టుకుంది. వెనక్కి తిరగడానికి భయమేసింది.

తిరిగాను.

గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగుతోంది. పై పెదవి మీద మీగడ అంటుకుంది.

"ఏంది గట్ల జూస్తున్నవ్?"

"ఛాయ్ ఎలా ఉంది?"

"మా బర్రె గూడ తాగుతది," అని గ్లాసు నా వైపు చాపింది. "ఒక్క గుక్క. గంతే. మీ బిడ్డ చూస్తలేదు."